కిక్రి తాతకు బాకీ

22 సెకన్ల రీల్. 2 లక్షల వ్యూస్. ట్రంకుపెట్టె నిండా శాలువాలు. ఆ తర్వాత ఒక చిన్న స్కాలర్‌షిప్పు.

"వ్యూస్ ఎన్నొచ్చినయ్‌రా?" అని అడిగినంత తేలిగ్గా మనం "ఆయన పేరేంది?" అని అడగం. నేనూ అడగలేదు.

2020 జనవరి. కేస్లాపూర్‌ నాగోబా జాతర. మాది కరీంనగర్. అప్పటికి బీటెక్ అయిపోయి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర. హాస్టల్లో నా రూమ్మేట్‌ది ఇంద్రవెల్లి వైపు. గోండు పిలగాడు. "ఒక్కసారి మా జాతరకు రా బై" అని నాలుగేళ్లు పిలిచిండు. చదువుకున్నన్ని రోజులు ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నా. ఉద్యోగం వచ్చి, కొత్త ఫోన్ కొన్నాక బయల్దేరా. నిజం చెప్పాలంటే జాతర కోసం కాదు, ఆ ఫోన్ కెమెరా కోసం!

కరీంనగర్ నుంచి జగిత్యాల, ధర్మపురి, రాయపట్నం వంతెన దాటి లక్సెట్టిపేట, జన్నారం మీదుగా ఉట్నూరు. జన్నారం దాటితే టేకు అడవి మొదలవుతుంది, ఫోన్లో సిగ్నల్ ఆగిపోతుంది. మెస్రం వంశస్థులు జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు నుంచి గోదావరి జలం తెచ్చి పుష్య అమావాస్య రాత్రి నాగోబాకు మహాపూజ చేస్తారు. ఆ నీళ్ల కోసం పోను రాను కాలినడకే. చెప్పులు కూడా ఉండవు.

కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద ఒక పెద్దాయన కూర్చున్నాడు. తెల్ల రుమాలు, చేతిలో వయొలిన్‌కు ముత్తాతలా ఉన్న వాద్యం. కమాను ఆడిస్తూ, కళ్లు మూసుకుని పాడుతున్నాడు. భాష నాకు ముక్క అర్థం కాలేదు. కానీ ఆ గొంతుకు, ఆ తీగకు మధ్య ఏదో మాట్లాడుకుంటున్నట్టు అనిపించింది. 4 నిమిషాలు వీడియో తీశా. ఆయన కళ్లు తెరిచేసరికి నేను మిర్చి బజ్జీల బండి దగ్గర ఉన్నా.

టిక్‌టాక్ పోయాక, ఆ జులైలో ఇన్‌స్టాలో రీల్స్ వచ్చాయి. లాక్‌డౌన్. పనేం లేదు. ఆ 4 నిమిషాల్లోంచి 22 సెకన్లు కోసి, "గోండ్ వైబ్స్" అని క్యాప్షన్ పెట్టి వదిలా. 2 లక్షల వ్యూస్! "గూస్‌బంప్స్ బ్రో" అని వందల కామెంట్లు. నాకు 900 మంది ఫాలోవర్లు పెరిగారు. ఆయనకు ఏమీ పెరగలేదు.

2022 డిసెంబర్‌లో, అందరూ మర్చిపోయిన ఆ రీల్ కింద ఒక కామెంట్ వచ్చింది.

"అన్నా, ఈయన గోండు కాదు. ప్రధాన్. మా తాత. పోయిన నెల చనిపోయిండు. పూర్తి వీడియో ఉంటే పంపుతవా? మా దగ్గర ఒక్కటి కూడా లేదు."

నేను మొదట దండం ఎమోజీ పెట్టా. ఒక గంట తర్వాత సిగ్గేసి తీసేశా.

మూడు తీగల మీద ఒక జాతి చరిత్ర

ఆ పిలగాడు సరిచేసిన తప్పు చిన్నది కాదు. ఆదిలాబాద్ కొండల్లో రాజ్‌గోండుల పక్కనే తరతరాలుగా బతుకుతున్న మరో తెగ ప్రధాన్లు. గోండుల వంశచరిత్ర, దేవతల పుట్టుక, ఏ గోత్రం ఎక్కడి నుంచి వచ్చింది... ఇవన్నీ ప్రధాన్ గాయకుల నోట్లో ఉంటాయి. గోండులు ఏడు, ఆరు, ఐదు, నాలుగు దేవతల సగలుగా ఉంటారు. ఏ సగకు ఆ సగ కథలున్నాయి. ఆ కథలు చెప్పేవాళ్లు లేకపోతే పెర్సాపేన్ పూజ సాగదు. ఇదే పని చేసే తోటి తెగవాళ్లూ ఉన్నారు.

ఇంకో విచిత్రం. ఇక్కడి ప్రధాన్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది మరాఠీ. పాడేది గోండీలో. బడిలో చదివేది తెలుగు. అంటే ఆ మర్రిచెట్టు కింద నేను చూసిన పెద్దాయన తనది కాని భాషలో, ఇంకో జాతి జ్ఞాపకాన్ని మొత్తం మోస్తున్నాడు. మనం సర్వర్‌కు ఒక బ్యాకప్ సరిపోదని రెండు పెట్టుకుంటాం. ఇక్కడ బ్యాకప్ అంటే ఆయన పక్కన కూర్చుని నేర్చుకునే మనవడే.

ఆయన చేతిలోది కిక్రి. తోలు బిగించిన చెక్క బుర్ర, మూడు తీగలు, గుర్రపు వెంట్రుకల కమాను. అది ఉత్త వాద్యం కాదు, పూజకు ముందు దానికీ మొక్కుతారు. గుహలో చిక్కుకుపోయిన గోండు దేవతలను తన సంగీత బలంతో బయటికి తెచ్చిన హీరాసుకాను ప్రధాన్లు మూలపురుషుడిగా కొలుస్తారు. గుహకు అడ్డంగా ఉన్న బండ జరిగింది కానీ, దాని కిందే పడి ఆయన ప్రాణం పోయిందని ఒక కథ. దేవతలు బతికారు, వాయించినవాడు పోయాడు. ఈ కథ నాకు చెప్పినప్పుడు నా దోస్తు నవ్వుతూ, "అప్పటి సంది మా దిక్కు గంతే" అన్నాడు.

ట్రంకుపెట్టెలో ఏముంది?

2023 జనవరిలో మళ్లీ జాతరకు వెళ్లి, అటు నుంచి అటే ఆ ఊరికి పోయాం. పెన్‌డ్రైవ్‌లో 4 నిమిషాల వీడియో. చేతిలో పండ్లు. బండిలో, సిగ్గుతో చెప్తున్నా, ఒక శాలువా కూడా ఉంది. ఫొటో దగ్గర కప్పుదామని.

కిక్రి గోడకు వేలాడుతోంది, పాత ధోవతి గుడ్డ చుట్టి. అవ్వ, అంటే తాత భార్య, నా చేతిలో కవర్ చూసి ఏమీ అనలేదు. లోపలికెళ్లి ట్రంకుపెట్టె తెరిచింది. 11 శాలువాలు. కొన్నింటికి ఇంకా ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు. కింద 6 మెమెంటోలు. అందులో ఒకదాని మీద పేరు కూడా తప్పు.

"చలికి కప్పుకుందామంటే పల్చగుంటయ్ బిడ్డా" అంది అవ్వ. తిట్టలేదు. ఉన్న మాట చెప్పింది అంతే.

నేను తెచ్చిన శాలువా బండిలోనే ఉండిపోయింది.

వీడియో ల్యాప్‌టాప్‌లో పెట్టాం. ఇల్లంతా నిండింది. తాత గొంతు వినపడగానే అవ్వ ముఖం తిప్పుకుంది. మనవడు మాత్రం స్క్రీన్‌లో తాత ఎడమచేతి వేళ్లనే చూస్తున్నాడు. "అన్నా, జర ఎన్కకు పెట్టు" అని నాలుగైదు సార్లు అడిగాడు. వాడు ఏడుస్తలేడు. నేర్చుకుంటున్నాడు.

ఆ రోజే ఇంకో సంగతి తెలిసింది. వాడు ఇంటర్ పాసయ్యాడు. కానీ సర్టిఫికెట్లు కాలేజీలో ఉన్నాయి. ఫీజు డబ్బులు ప్రభుత్వం నుంచి రాలేదు కాబట్టి 28,000 కట్టి తీసుకుపొమ్మన్నారట. ఏ కాలేజీ అన్నది వదిలేద్దాం. ఈ కథ తెలంగాణలో చాలా ఇండ్లల్లో ఉన్నదే. ఇంజినీరింగ్‌లో చేరాల్సిన పిలగాడు పత్తి ఏరడానికి పోతున్నాడు. నా చెవిలో ఉన్న ఇయర్‌బడ్స్ 24,000.

తిరుగు ప్రయాణంలో రాయపట్నం వంతెన దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. వంతెన మీద దోస్తు అన్నాడు: "నువ్వొక్కనివి 28,000 కడితే అది సాయం. అయిపోతది. కొన్నేండ్లు నడిచేది ఏదన్న చేద్దాం."

పద్మశ్రీలు ఉన్నారు కదా అంటే...

ఉన్నారు, ఉండటం గర్వమే. జైనూర్ మండలం మర్లవాయి గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఎందరో యువకులకు అడుగులు నేర్పిన ఆ పెద్దాయన 2024 అక్టోబర్ 25న కన్నుమూస్తే ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. కంచుమేళం, డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయనా 2024లోనే పోయారు. కిన్నెర మొగిలయ్యకూ 2022లోనే పద్మశ్రీ. 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం పద్మ పురస్కారాలు పొందినవాళ్లకు 25 లక్షల చొప్పున, నెలకు 25,000 పింఛను ప్రకటించింది.

మంచిదే. కానీ పురస్కారం ఒక్కరికి వస్తుంది, అదీ చివరి వయసులో. ఆయన పక్కన తుడుం కొట్టేవాళ్లకు, పెప్రే ఊదేవాళ్లకు, నేర్చుకునే పన్నెండేండ్ల పిలగాడికి రాదు. ఆ పిలగాడి వయసులో ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి.

పోస్టర్ గొడవ

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాం. 64 మంది. మొదటి ఐడియా, విగ్రహం. రెండోది, ఊరి మొదట్లో ఫ్లెక్సీ. మూడోది, కరీంనగర్‌లో ఫంక్షన్ హాల్ తీసుకుని సన్మాన సభ. అవ్వ ట్రంకుపెట్టె ఫొటో గ్రూపులో పెట్టాక ఆ మూడూ ఆగిపోయాయి.

సరే, ఫండ్ అనుకున్నాం. టార్గెట్ 6 లక్షలు. ఐటీ ఉద్యోగులం, వారం పని అనుకున్నాం. మొదటి 3 రోజుల్లో 41,000. తర్వాత 12 రోజుల్లో 2,300. గ్రూపులో గుడ్‌మార్నింగ్‌లు మళ్లీ మొదలయ్యాయి.

అప్పుడు నేను పెద్ద తెలివి ఉపయోగించా. మంచి పోస్టర్ చేశా. బ్లాక్ అండ్ వైట్. తాత ముడతల ముఖం, పక్కన ఖాళీ గిన్నె. పైన "కడు పేదరికంలో కన్నుమూసిన కళాకారుడు. కరుణించండి". డిజైన్ బాగుందని అందరూ మెచ్చుకున్నారు. మనవడికి పంపా. రెండు నీలి టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. రాత్రి ఫోన్ చేశాడు.

"అన్నా, మా తాత ఎన్నడు అడుక్కోలె. ఆ గిన్నె మా ఇంట్ల గిన్నె కూడ కాదు."

గిన్నె నేను ఇంటర్నెట్‌లోంచి తీసి అతికించిందే.

మా దోస్తు ఆ రోజు నాకు కూర్చోబెట్టి చెప్పిన సంగతి, ఈ మొత్తం పనిలో నేను నేర్చుకున్న అసలు పాఠం. ప్రధాన్ గాయకుడికి గోండుల్లో కొన్ని ఇండ్లు తరతరాలుగా ఉంటాయి. పెండ్లయినా, చావైనా, పెర్సాపేన్ పూజైనా ఆయన వచ్చి వాయించాలి. పంట చేతికొచ్చాక ఆ ఇండ్లవాళ్లు ధాన్యం ఇవ్వాలి, పెద్ద కార్యమైతే పశువునో బట్టనో ఇవ్వాలి. "గది దానం కాదురా. బాకీ. పాట విన్నోడు ఇయ్యాలె. ఇయ్యకపోతే తప్పు ఇయ్యనోనిదే, అడిగినోనిది కాదు."

మనం క్రౌడ్‌ఫండింగ్ అని యాప్‌లో చేస్తున్నదాన్ని ఆ కొండల్లో జొన్నల గంపతో ఎన్ని తరాల నుంచో చేస్తున్నారు. అందులో జాలి లేదు. లెక్క ఉంది.

పోస్టర్ మార్చేశాం. ఫొటోలో తాత నవ్వుతున్నాడు, ఒళ్లో కిక్రి. కింద మూడే వాక్యాలు: "ఈ రీల్ మీరు చూశారా? అయితే మీరు ఈయన పాట విన్నారు. విన్నవాళ్లు ఇచ్చుకోవడం ఆ కొండల్లో రివాజు." పాత రీల్‌కే దాన్ని పిన్ చేశా. తప్పు క్యాప్షన్ తీసేసి తాత పేరు, ఊరు, తెగ రాశా.

డబ్బులు రావడం మొదలైంది. 101, 116, 51. "విన్నాను, ఇదిగో నా బాకీ" అని నోట్‌లో రాసి ఒకమ్మాయి 22 రూపాయలు పంపింది, సెకనుకు రూపాయి లెక్క! తాత వాయించే ఇండ్లున్న ఊళ్లలో మా దోస్తు వాళ్ల నాన్న చెప్తే జొన్నలు పోగయ్యాయి. అవి ఉట్నూరులో అమ్మితే 9,400 వచ్చాయి. నా దృష్టిలో మొత్తం ఫండ్‌లో పెద్ద మొత్తం అదే.

లెక్కలు, చట్టాలు, తలనొప్పులు

మీరూ ఇలాంటిది చేయాలనుకుంటే ఈ భాగం జాగ్రత్తగా చదవండి. మేం మూడు నెలలు కొట్టుకున్నాం.

మొదటి తప్పు, నా సొంత ఖాతాలోకి డబ్బులు తీసుకోవడం. నమ్మకం సంగతి పక్కన పెట్టినా, రేపు ఇన్‌కమ్‌ట్యాక్స్ వాళ్లు అడిగితే అది నా ఆదాయం కాదని నేనే రుజువు చేయాలి. అందుకే ట్రస్టు రిజిస్టర్ చేశాం. ఐదుగురు ట్రస్టీల్లో ముగ్గురు ఆ ఊరివాళ్లే, అందులో అవ్వ ఒకరు. వేలిముద్ర వేసేటప్పుడు "దీనికి కూడ శాలువా కప్పుతరా?" అని అడిగింది.

రెండోది 80జీ. అది ఉంటే దాతలకు 50 శాతం దాకా పన్ను మినహాయింపు దొరుకుతుంది. అయితే పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. 2,000 దాటి నగదు ఇస్తే మినహాయింపు రాదు. యూపీఐనో చెక్కో ఉండాలి.

మూడోది విదేశీ డబ్బు. అమెరికాలో ఉన్న మా సీనియర్ ఒకేసారి లక్షన్నర పంపుతా అన్నాడు. గంతులేశాం. ఆయనకు అక్కడి పౌరసత్వం ఉందని తర్వాత తెలిసింది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారినవాళ్లు పంపితే మాత్రం అవుతుంది. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకుండా తీసుకోవడం నేరం. లక్షన్నరకు దండం పెట్టి వద్దన్నాం.

నాలుగోది, డబ్బు ఎలా దాచాలి? ఏడాదిలో పంచేస్తే ఏడాదితో అయిపోతుంది. అసలును ముట్టుకోకుండా వడ్డీతో నడపాలంటే ఇచ్చేవాళ్లు "మూలనిధి కోసం" అని రాసి ఇవ్వాలి. లేదంటే ట్రస్టు తన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు పెట్టాలి.

చివరికి వచ్చింది 6,40,000. అందులో 28,000తో మనవడి సర్టిఫికెట్లు విడిపించాం. 12,000 రిజిస్ట్రేషన్‌కు, ఆడిట్‌కు. మిగిలిన 6 లక్షలు డిపాజిట్. 7 శాతం వడ్డీ వేసుకుంటే ఏడాదికి 42,000. అంతే. హైదరాబాద్‌లో మన రెండు నెలల అద్దె. కానీ అది ప్రతి ఏడాదీ వస్తుంది.

ఆ 42,000 ఎవరికి?

అసలు గొడవ ఇక్కడే మొదలైంది. గ్రూపు రెండుగా చీలింది.

సగం మంది: "స్కాలర్‌షిప్ తాత పేరు మీద కాబట్టి, తీసుకునే పిలగాడు కిక్రి నేర్చుకోవాల్సిందే. సర్టిఫికెట్ లాగా వీడియో పంపాలి."

మిగతా సగం: "ఫీజు కట్టడానికి సంగీతం పరీక్ష పెడతారా? మీరు బీటెక్ చదివేటప్పుడు మిమ్మల్ని ఎవరైనా మీ తాత పని నేర్చుకొమ్మన్నారా?"

రెండో మాట నాకు గట్టిగా తగిలింది. మా తాత మగ్గం నేసేవాడు. నాకు పోగు అతకడం కూడా రాదు.

లక్షన్నర పంపలేకపోయిన సీనియర్ ఈసారి ఒక ఐడియా పంపాడు. అమెరికాలో అపలాచియన్ కొండలున్నాయి. అక్కడా ఫిడేలు, బాంజో వాయించే కొండ సంగీతం ఉంది. వర్జీనియాలో వేన్ హెండర్సన్ అనే గిటార్ తయారీదారు, కళాకారుడి పేరు మీద 1995 నుంచి సంగీత ఉత్సవం జరుగుతోంది. మిగిలిన డబ్బుతో ఆ కొండల పిల్లలకు సంగీతం నేర్చుకోవడానికి స్కాలర్‌షిప్పులు ఇస్తారు. పక్కనే నార్త్ కరోలినాలోని స్పార్టాలో 2000లో ఒక స్కూల్ కౌన్సిలర్ బడి అయిపోయాక పిల్లలకు ఆ వాద్యాలు నేర్పించడం మొదలుపెడితే, అది వేరే కౌంటీలకూ పాకింది. అక్కడ చదువు డబ్బుకు సంగీతాన్ని షరతు చేయలేదు. సంగీతానికి విడిగా డబ్బు పెట్టారు.

మన దగ్గరా దారులున్నాయి. కేంద్ర సాంస్కృతిక శాఖకు గురు-శిష్య పరంపర పథకం ఉంది. సీసీఆర్‌టీ 10 నుంచి 14 ఏండ్ల పిల్లలకు కళల స్కాలర్‌షిప్ ఇస్తుంది. వాటి గురించి ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు, అంతే.

నిర్ణయం అవ్వకు వదిలేశాం. మా దోస్తు మరాఠీలో, గోండీలో, తెలుగులో కలిపి విషయం చెప్పాడు. ఆమె చాలాసేపు బీడీ కట్ట విప్పుతూ కూర్చుంది. తర్వాత అంది:

"పోరగాండ్లు సదువుకుంటే కిక్రి పోతదని మీకు బుగులు. సదువుకోకుంటే ఉంటదా? నా కొడుకు సదువుకోలె. కిక్రి పట్టలె. కూలికి పోయిండు. కడుపు కాలినా కిక్రి పోతది బిడ్డా."

కాసేపాగి మళ్లీ: "సదివెటోనికి సదువుకు ఇయ్యుండ్రి. ఏం అడగకుండ్రి. నేర్పెటోనికి నేర్పినందుకు ఇయ్యుండ్రి. నేర్పెటోడు ఉంటే నేర్చెటోడు ఎట్లన్న వస్తడు."

64 మంది ఇంజినీర్లకు నెల రోజులు తెగని పంచాయితీ, ఒక బీడీ కాలినంత సేపట్లో తెగిపోయింది. 30,000 ఇద్దరు విద్యార్థులకు, చెరి 15,000. షరతుల్లేవు. 12,000 ఊళ్లో మిగిలిన కిక్రి గురువుకు, నేర్పినందుకు.

సెలవుల చిక్కు

నేర్పడానికి గురువు ఒప్పుకున్నాడు. కానీ పిల్లలేరి? ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉన్నారు.

అప్పుడు క్యాలెండర్ ముందేసుకుని కూర్చుంటే ఒక సంగతి కనిపించింది. దండారి, గుస్సాడీ సంబరాలు జరిగేది దసరా తర్వాతి పున్నమి నుంచి దీపావళి అమావాస్య దాకా. దసరా సెలవులు సాధారణంగా అప్పటికే అయిపోతాయి. అంటే కొండల్లో డోళ్లు మొదలయ్యే రోజుల్లోనే పిల్లలు బస్సెక్కి హాస్టల్‌కు వెళ్లిపోతారు. నాగోబా జాతరా అంతే. సంక్రాంతి సెలవులు ముగిశాకే ఎక్కువసార్లు వస్తుంది. మన సెలవులు మన పండుగల లెక్కన వేసినవి. వాళ్ల పండుగలకు పిల్లలు బడిలో ఉంటారు.

పూర్వం ఈ విద్యకు క్లాసు లేదు. తండ్రి వెంట పదిరోజులు ఊరూరా తిరిగితే అదే క్లాసు. ఆ పది రోజులే పోయాయి. కిక్రి ఆగిపోవడానికి ఫోన్లూ సినిమాలూ కారణమని నేను అనుకునేవాణ్ని. పెద్ద కారణం స్కూలు టైంటేబుల్!

అలాగని చదువును తప్పు పట్టలేం. మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ కుమురం భీం మరణం తర్వాత ఈ కొండలకొచ్చి మర్లవాయిలో ఉన్నారు. 1943లో అక్కడ మొదలైన ఉపాధ్యాయ శిక్షణ కేంద్రంలో గోండీలోనే పాఠాలు రాయించారు. గోండు యువకులే పంతుళ్లయ్యారు. ఆయన, ఆయన భార్య బెట్టీ సమాధులు ఇప్పటికీ మర్లవాయిలో ఉన్నాయి. ఏటా జనవరిలో జనం వచ్చి మొక్కుతారు. ఊరి భాషను బడి లోపలికి తీసుకెళ్లినవాళ్లను ఆ కొండలు మర్చిపోలేదు.

మేం చేయగలిగింది ఎండాకాలం. 40 రోజుల క్లాసు. పొద్దున ఎండ ఎక్కకముందు, సాయంత్రం ఎండ దిగాక. కిక్రి కొత్తవి మూడు చేయించాం. మొదటి ఏడాది వచ్చింది నలుగురు. అందులో ఒకడు మామిడికాయలకు పోయి మళ్లీ రాలేదు. ముగ్గురు మిగిలారు. రెండో ఏడాది ఐదుగురు. అందులో ఒక అమ్మాయి. అమ్మాయి కిక్రి పట్టొచ్చా లేదా అని ఊళ్లో చర్చ జరిగింది. ఇంకా జరుగుతోంది. ఆమె మాత్రం రోజూ వస్తోంది.

మీ ఊళ్లోనూ ఒక తాత ఉంటే...

* వీడియో తీసే ముందు పేరు, ఊరు, తెగ అడగండి. రాయొచ్చా అని కూడా అడగండి.
* మొత్తం పాట రికార్డు చేసి వాళ్ల ఇంటికి ఒక కాపీ ఇవ్వండి. మీ 22 సెకన్లు తర్వాత.
* కెమెరా వేళ్ల మీద కూడా పెట్టండి. ముఖం మనకు కావాలి, వేళ్లు వాళ్ల పిల్లలకు కావాలి.
* ఫండ్ అనుకుంటే ముందు ట్రస్టు, తర్వాత క్యూఆర్ కోడ్. ట్రస్టీల్లో ఆ ఇంటివాళ్లు ఉండాలి.
* పోస్టర్ అచ్చయ్యే ముందు ఆ ఇంట్లో చిన్నపిల్లలకు చూపించండి. తప్పు వాళ్లే చెప్తారు.

ఇంత రాసి తాత పేరు ఎందుకు రాయలేదని మీకు అనుమానం వచ్చి ఉంటుంది. రాద్దామనే అవ్వను అడిగా. "రీల్ల ఉంది కదా, సాలు. పేపర్ల పడితే మల్ల శాలువాలు పట్టుకొని వస్తరు" అంది. అందుకే ట్రస్టు పేరు, క్యూఆర్ కోడ్ కూడా ఇక్కడ లేవు. ఇది చందా ప్రకటన కాదు.

మనవడు ఇప్పుడు ఇంజినీరింగ్ రెండో ఏడాది. మంచిర్యాల వైపు హాస్టల్లో ఉంటాడు. కిక్రి వెంట తీసుకెళ్లలేదు, రూమ్మేట్లు ముట్టుకుంటారని. కానీ ఈ ఎండాకాలం ఇంటికొచ్చి 40 రోజుల్లో 31 రోజులు కూర్చున్నాడు. గురువు రాసుకున్న హాజరు అది. మేం అడగలేదు. షరతు లేదు కదా.

చివరి రోజు నేను వెళ్లా. వాడు తాత వాయించిన ముక్కే వాయించాడు. ఆ 22 సెకన్ల దగ్గరికి రాగానే నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. చెయ్యి అలవాటుగా ఫోన్ మీదికి పోయింది. వాడు కమాను ఆపి నవ్వాడు.

"ఈసారి పూర్తిగ తియ్యన్నా. ఇంక మూడు నిమిషాలుంది."

తీశా. 4 నిమిషాలూ.